ఎక్స్‌కేసీడీ జోకు అర్థం కాకపోతే ఏది మేలు: వికీ చదవడమా, జార్గన్ ఫైల్ తిరగేయడమా, టెర్మినల్ తెరవడమా?

ఎక్స్‌కేసీడీలో బొమ్మ ఎప్పుడూ కష్టం కాదు. నాలుగు గీతల మనుషులు, ముఖాలు కూడా ఉండవు. కష్టమంతా వాళ్ల మాటల్లోనే. రాండల్ మన్రో 2005లో మొదలుపెట్టిన ఈ వెబ్‌కామిక్‌లో చాలా జోకుల వెనక ఒక యూనిక్స్ కమాండో, పాత ప్రోగ్రామర్ల కథో, ఎక్కడో బయటపడ్డ భద్రతా లోపమో ఉంటుంది. అది తెలియనివాళ్లకు మూడు దారులున్నాయి. అభిమానులు నడిపే ఎక్స్‌ప్లెయిన్ ఎక్స్‌కేసీడీ వికీలో ఆ నంబరు పేజీ చదవడం ఒకటి. హ్యాకర్ల పదకోశం జార్గన్ ఫైల్‌లో వెతకడం రెండోది. జోకులో ఉన్న కమాండ్‌ను స్వయంగా టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో, కొట్టి చూడడం మూడోది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. జోకు యంత్రం చేసే పని మీద ఉంటే టెర్మినలే మేలు, వికీ తర్వాత. జోకు మనుషుల మీద, పాత పత్రాల మీద ఉంటే టెర్మినల్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ జోకు ఏ రకమో పోల్చుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు.

ముందు ఒక విడి యంత్రం

టెర్మినల్ దారి పట్టేవారు రోజూ పనిచేసే కంప్యూటర్‌లో ఈ ప్రయోగాలు చేయకూడదు. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) అయినా, డాకర్ కంటైనర్ (అంతకంటే తేలికైన విడి గది) అయినా సరిపోతుంది. కంటైనర్ అయితే మీ హోమ్ ఫోల్డర్‌ను దానికి తగిలించవద్దు, ప్రాసెస్‌ల సంఖ్యకు 100 పరిమితి పెట్టండి. తనను తానే అంతులేకుండా నకలు చేసుకునే ఫోర్క్ బాంబ్ లాంటివి అప్పుడు లోపలే ఆగిపోతాయి. డెబియన్ లినక్స్ చిన్న ఇమేజ్‌లో (కంటైనర్ తయారయ్యే మూసలో) మేక్, సుడో, గిట్ అనే కమాండ్లేవీ ఉండవు. వాటిని ముందు ఇన్‌స్టాల్ చేసుకుని ఆ తర్వాతే నెట్‌వర్క్ తీసేయాలి. వరస తిప్పితే ఇన్‌స్టాల్ కుదరదు. కొన్ని చిన్న ఇమేజ్‌లలో కమాండ్లను వివరించే మ్యాన్ పేజీలు కూడా తీసేసి ఉంటాయి కాబట్టి అవి మీ అసలు కంప్యూటర్‌లో తెరిచి ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: కంటైనర్‌లోకి అడుగుపెట్టగానే మామూలుగా మీరు అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గా ఉంటారు. అనుమతుల మీద వేసిన ఏ జోకూ అక్కడ పేలదు. పాస్‌వర్డ్, సుడో వాడే అనుమతి ఉన్న సాధారణ యూజర్‌ను ఒకరిని తయారుచేసి, ఆ యూజర్‌గా మారాకే మొదలుపెట్టండి.

యంత్రం మీద జోకులు: ఇక్కడ టెర్మినల్‌దే పైచేయి

149వ బొమ్మ తీసుకోండి. ఒకడు శాండ్‌విచ్ చేసిపెట్టమంటాడు, రెండోవాడు నువ్వే చేసుకో అంటాడు. మొదటివాడు అదే మాట ముందు 'సుడో' తగిలించగానే రెండోవాడు సరేనంటాడు. సుడో అంటే అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది అని వికీ ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. అది నిజమే, కానీ జోకులో సగమే. 'మేక్' కూడా ఒక కమాండే, ఫైల్‌లో రాసిన సూచనల ప్రకారం పనులు చేసిపెట్టేది. టెర్మినల్‌లో 'మేక్ మి ఎ శాండ్‌విచ్' అని కొట్టండి. 'మి' అనే టార్గెట్‌కు, అంటే చేయాల్సిన పనికి, రూల్ లేదని చెప్పి ఆగిపోతుంది. ముందు సుడో పెట్టినా పాస్‌వర్డ్ అడిగి మళ్లీ అదే తప్పు చూపిస్తుంది. ఎందుకంటే మేక్ కంటికి అది వాక్యం కాదు, 'మి', 'ఎ', 'శాండ్‌విచ్' అనే మూడు వేర్వేరు పనుల జాబితా.

దీన్ని నిజంగా పనిచేయించడం పది నిమిషాల పని. ఒక మేక్‌ఫైల్, అంటే మేక్ చదివే ఆ సూచనల ఫైల్, రాయండి. 'మి', 'ఎ' అనే రెండు టార్గెట్లకు కింద ఏమీ చేయని రెసిపీ, అంటే @: అనే రెండు గుర్తులు, పెట్టండి. అది లేకపోతే చేయాల్సింది ఏమీ లేదన్న సందేశం రెండుసార్లు అడ్డుపడుతుంది. మూడో టార్గెట్‌లో యూజర్ ఐడీ 0 అవునో కాదో చూసి, 0 అయితే సరే అని, కాకపోతే నువ్వే చేసుకో అని ముద్రించండి. రెండుచోట్ల దెబ్బతింటారు. రెసిపీ వరస ట్యాబ్‌తో మొదలవ్వాలి. స్పేస్‌లు పెడితే సెపరేటర్ లేదన్న ఎర్రర్ వస్తుంది, చాలా ఎడిటర్లు ట్యాబ్‌ను గుట్టుగా స్పేస్‌లుగా మార్చేస్తాయి కూడా. ఇక ఆ ఫోల్డర్‌లో శాండ్‌విచ్ అనే ఫైల్ ఇప్పటికే ఉంటే, అది సిద్ధంగానే ఉందని మేక్ చెప్పి ఊరుకుంటుంది. మూడు టార్గెట్లనూ ఫోనీ అని ప్రకటిస్తే ఆ చిక్కు తీరుతుంది. ఇదంతా అయ్యాక మొదట సుడో లేకుండా, తర్వాత సుడోతో కొట్టండి. బొమ్మలోని సంభాషణ తెరమీద అలాగే జరుగుతుంది. ఆ నవ్వు వికీ చదివితే రాదు.

838వ బొమ్మ దీనికి కొనసాగింపు లాంటిది. సుడో అనుమతి లేని యూజర్ సుడో వాడబోతే, ఈ సంఘటన నివేదించబడుతుందన్న హెచ్చరిక వచ్చేది. కొత్త వెర్షన్లలో ఆ మాటలు మారాయి. ఎవరికి నివేదిస్తుంది అన్నదే జోకు. జవాబు కళ్లతో చూడాలంటే కంటైనర్ చాలదు. లాగ్ రాసే సర్వీస్ అందులో మామూలుగా నడవదు కాబట్టి ఏ నివేదికా కనిపించదు. దీనికి వర్చువల్ మెషీన్ కావాలి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టాకే హెచ్చరిక వస్తుందన్నది గుర్తుంచుకోండి. డెబియన్ 12లో అయితే పాత ఆథ్ లాగ్ ఫైల్ కోసం వెతకొద్దు, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడండి.

1168లో బాంబు ఆపాలంటే పది సెకన్లలో, గూగుల్ చూడకుండా, మొదటి ప్రయత్నంలోనే సరైన టార్ కమాండ్ (ఫైళ్లను ఒకే ఆర్కైవ్‌గా కట్టేది) కొట్టాలి. దీన్ని గడియారం పెట్టుకుని ప్రయత్నించడం కంటే మంచి వివరణ లేదు. చాలామంది పడే గొయ్యి ఒకటుంది. మైనస్ గుర్తు పెట్టి సి, ఎఫ్, జెడ్ అనే వరసలో అక్షరాలు రాస్తారు. ఎఫ్ తన వెంటనే వచ్చేదాన్ని ఫైల్ పేరుగా తీసుకుంటుంది కాబట్టి 'జెడ్' అనే పేరుతో ఆర్కైవ్ తయారవుతుంది, మీరు ఇచ్చిన అసలు పేరున్న ఫైల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ఎఫ్ ఎప్పుడూ చివర ఉండాలి. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆర్కైవ్ పేరు మరిచిపోవడం. అప్పుడు జాబితాలోని మొదటి ఫైల్‌నే ఆర్కైవ్ అనుకుని దాని మీద రాసేస్తుంది, పాత ఫైల్ పోయినట్టే. ఒకే పేరు ఇచ్చి ఊరుకుంటే మాత్రం, ఖాళీ ఆర్కైవ్ చేయడానికి పిరికితనంతో నిరాకరిస్తున్నానని గ్నూ టార్ స్వయంగా చెబుతుంది. హ్యాకర్ల హాస్యం కామిక్‌లోనే కాదు, ఉపకరణాల ఎర్రర్ సందేశాల్లోనూ బతికుందని తెలిసేది ఇలాంటి చోటే.

టెర్మినల్ తప్పుదారి పట్టించే సందర్భం

327వ బొమ్మ అందరికీ తెలిసిందే. తన కొడుక్కి ఆ తల్లి పెట్టిన పేరులో సింగిల్ కోట్, బ్రాకెట్, సెమీకోలన్, ఆపైన స్టూడెంట్స్ టేబుల్‌ను తీసేసే ఎస్‌క్యూఎల్ కమాండ్, చివర రెండు గీతలు ఉంటాయి. బడివాళ్ల డేటాబేస్ పోతుంది. పైథాన్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో దీన్ని పరీక్షించేవారికి మొదట నిరాశే. 'ఎగ్జిక్యూట్' ఒకసారికి ఒక్క స్టేట్‌మెంటే నడుపుతుంది, రెండోది కనిపించగానే ఎర్రర్ ఇస్తుంది. అంటే జోకు తప్పన్నమాట అని అక్కడితో ఆగితే పెద్ద పొరపాటు. 'ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్' వాడి చూడండి. అప్పటికీ టేబుల్ పోకపోతే నిలువు వరసలు లెక్కపెట్టండి. టేబుల్‌లో పేరు, వయసు అని రెండు కాలమ్‌లు ఉండి, కాలమ్ పేర్లు చెప్పకుండా చేర్చబోతే, ఒక్క విలువే ఇచ్చారన్న తప్పుతో ఇన్సర్ట్ దగ్గరే ఆగిపోతుంది, డ్రాప్ దాకా రాదు. పేరు ఒక్కటే కాలమ్‌గా పెడితే బొమ్మలో ఉన్నట్టే జరుగుతుంది. చివరి రెండు గీతలు ఎందుకో కూడా అప్పుడే తెలుస్తుంది. ప్రోగ్రామ్ తగిలించే మిగతా కోట్, బ్రాకెట్లను అవి కామెంట్‌గా మార్చేస్తాయి.

బొమ్మలో తల్లి ఇన్‌పుట్‌ను శుభ్రం చేసుకోమని సలహా ఇస్తుంది. జోకుగా గొప్పది, పని సలహాగా అసంపూర్ణం. సింగిల్ కోట్ తీసేస్తే, పేరులో నిజంగా ఆ గుర్తు ఉన్న మనుషుల పేర్లు చెడిపోతాయి. పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువను విడిగా పంపే పద్ధతే సరైనది. అలా చేస్తే ఆ పిల్లవాడి పేరు ఒక్క అక్షరం పోకుండా టేబుల్‌లో నిల్వ అవుతుంది. దీన్ని కూడా నడిపి చూడండి, రెండు వరసల కోడ్. కూతురి పేరు మీద, బొమ్మపై మౌస్ ఉంచితే వచ్చే జోకు మాత్రం టెర్మినల్‌కు అందదు. దానికి వికీయే దిక్కు.

పత్రాల మీద, మనుషుల మీద జోకులు

221లో ఒక ఫంక్షన్ యాదృచ్ఛిక సంఖ్యగా ఎప్పుడూ 4 తిరిగి ఇస్తుంది. పాచిక వేసి నిజాయతీగా ఎంచుకున్నదేనని పక్కన వ్యాఖ్య. నడిపితే 4 వస్తుంది, అంతే. అసలు రుచి బయట ఉంది. మౌస్ పెడితే కనిపించే మాటలో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల వరస) 1149.5 అనే ప్రమాణం ప్రస్తావన వస్తుంది. అలాంటిది లేదు. కానీ ఆర్‌ఎఫ్‌సీ 1149 ఉంది. 1990 ఏప్రిల్ 1న వచ్చిన ఆ పత్రం ఇంటర్నెట్ ప్యాకెట్లను పావురాలతో ఎలా పంపాలో గంభీరంగా వివరిస్తుంది. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో దాన్ని నిజంగా చేసి చూశారు. 9 ప్యాకెట్లు పంపితే 4 జవాబులు తిరిగొచ్చాయి. ఇక 2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సమావేశంలో, ప్లేస్టేషన్ 3 డిజిటల్ సంతకాల్లో ప్రతిసారీ మారాల్సిన సంఖ్య మారడం లేదని చూపిస్తూ ఫెయిల్‌ఓవర్‌ఫ్లో బృందం ఈ బొమ్మనే తెరమీద పెట్టింది. ఆ ఒక్క పొరపాటు చాలు, రెండు సంతకాలను పోల్చి రహస్య తాళాన్ని లెక్కగట్టడానికి. ఇలాంటి గొలుసు పట్టుకోవడంలో వికీకి సాటి లేదు.

378కి మాత్రం జార్గన్ ఫైల్ కావాలి. అసలైన ప్రోగ్రామర్లు ఏ ఎడిటర్ వాడతారన్న పందెం నానోతో మొదలై, ఈమ్యాక్స్, విమ్, ఈడీ, క్యాట్ దాటుకుని సీతాకోకచిలుకల దాకా పోతుంది. చివర్లో దానికీ ఈమ్యాక్స్‌లో ఒక కమాండ్ ఉందంటారు. ఆ తర్వాత ఈమ్యాక్స్‌లోకి బటర్‌ఫ్లై కమాండ్ నిజంగానే వచ్చింది, ఎం-ఎక్స్ (ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి) నొక్కి ఆ పేరు కొట్టి చూడొచ్చు. కానీ 'అసలైన ప్రోగ్రామర్' అన్న గొప్ప ఎక్కడిది? జార్గన్ ఫైల్ అనుబంధంలో మెల్ అనే ప్రోగ్రామర్ కథ ఉంది. తిరిగే డ్రమ్ మెమరీలో, చదివే తల కిందకు సరిగ్గా సమయానికి వచ్చేలా ఒక్కో ఆదేశాన్ని చేత్తో అమర్చిన మనిషి. 1983లో యూజ్‌నెట్‌లోకి వచ్చిన ఆ కథ చదివాక 378 చూస్తే, మన్రో ఎవరిని మురిపెంగా ఆటపట్టిస్తున్నాడో అర్థమవుతుంది.

అయితే జార్గన్ ఫైల్‌కు వయసైపోయింది. 1975లో స్టాన్‌ఫర్డ్‌లో రఫాయెల్ ఫింకెల్ మొదలుపెట్టిన ఆ జాబితా 2000ల తొలి ఏళ్లలో దాదాపు ఆగిపోయింది. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్ 2005లో పుట్టింది కాబట్టి అందులో దొరకదు. అందుకే 1597 దగ్గర అది చేతులెత్తేస్తుంది. అక్కడ ఒకడు కొన్ని కమాండ్లు బట్టీపట్టమని, ఎర్రర్ వస్తే పనిని పక్కన దాచి ప్రాజెక్టునే తుడిచి కొత్త కాపీ దించుకోమని చెబుతాడు. ఆ నిస్సహాయత అనుభవించాలంటే ఖాళీ రిపాజిటరీలో (గిట్ కాపాడే ఫోల్డర్‌లో) మూడు కమిట్లు చేయండి, అంటే మూడుసార్లు మార్పులు భద్రపరచండి. పాత కమిట్ నంబర్‌కు చెకౌట్ అయి, అంటే వెనక్కి వెళ్లి, అక్కడ ఇంకో కమిట్ చేయండి. ఇప్పుడు మెయిన్ బ్రాంచ్‌కు, అంటే ప్రధాన శాఖకు, తిరిగి రండి. లాగ్‌లో మీ కమిట్ ఉండదు. కాపీ తుడవనక్కర్లేదు. మీ కదలికలను గిట్ రాసుకునే రిఫ్‌లాగ్‌లో దాని నంబర్ దొరుకుతుంది, ఆ నంబర్ మీద కొత్త బ్రాంచ్ పెడితే తిరిగొస్తుంది. ఏ బ్రాంచ్‌కూ చెందని ఇలాంటి ఎంట్రీలను రిఫ్‌లాగ్ మామూలుగా 30 రోజులే ఉంచుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

వికీ ఎప్పుడు తెరవాలి

వికీతో ఒక్కటే ఫిర్యాదు: ముందే చదివితే నవ్వు చచ్చిపోతుంది. జోకులో కమాండ్ ఉంటే నడిపాక, లేకపోతే మౌస్ మాట చదివాక తెరవండి. వివరణ కింద ఉండే చర్చ భాగాన్ని వదలొద్దు, పైన ఉన్న తప్పులను సరిదిద్దేవాళ్లు ఎక్కువగా అక్కడే రాస్తారు.

ఫోన్‌లో మౌస్ ఉండదు. మొబైల్ పేజీలో బొమ్మతోపాటు ఆల్ట్ టెక్స్ట్ మీట నొక్కితే ఆ మాట కనిపిస్తుంది. టెర్మినల్‌లో చదవాలనుకునేవారు బొమ్మ నంబర్ తర్వాత ఇన్ఫో డాట్ 0 డాట్ జేసన్ అని చేర్చి కర్ల్ కమాండ్‌తో దించుకోవచ్చు. 'ఆల్ట్' అనే గదిలో మౌస్ మాట, 'ట్రాన్‌స్క్రిప్ట్' గదిలో సంభాషణ ఉంటాయి. తర్వాతి కాలపు బొమ్మలకు ఆ రెండోది ఖాళీ. 1 నుంచి చివరిదాకా వరసగా దించే స్క్రిప్ట్ రాస్తే మాత్రం 404 దగ్గర తప్పు వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి. ఆ నంబర్‌తో బొమ్మ లేదు, సర్వర్ నుంచి 404 ఎర్రరే వస్తుంది. అది మన్రో కావాలని వదిలిన ఖాళీ. స్క్రిప్ట్ దాన్ని దాటి 405కు పోయేలా ఒక షరతు పెట్టండి.