యూరప్ రైళ్లు: పాస్ కొనాలా, విడి టికెట్లా? ఏది మేలు?

పోయిన మే నెలలో యూరప్ వెళ్లొచ్చినప్పటి నుంచి మమ్మల్ని అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. హోటళ్లు ఎక్కడ తీసుకున్నారు, తిండికి ఏం చేశారు అన్నవి తర్వాత. ముందు మాత్రం "రైలు పాస్ తీసుకున్నారా, టికెట్లు విడిగా కొన్నారా? ఏది చవక?" అంటారు. ఇద్దరు ముగ్గురికి ఫోన్లో చెప్పాను, ఇంకొందరికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టాను. చెప్పిందే చెప్పలేక ఇప్పుడు ఒకేసారి రాసేస్తున్నాను.

మేం రెండు పద్ధతులూ చూశాం. 2019లో నేనూ మా ఆయనా విడి టికెట్లతో తిరిగాం. ఈసారి అత్తయ్యగారినీ, తొమ్మిదేళ్ల పాపనీ తీసుకుని యూరైల్ పాస్‌తో (యూరప్‌లో చాలా దేశాల రైళ్లకి పనికొచ్చే ఒకే పాస్) వెళ్లాం.

నెట్‌లో వెతికితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే. రెండు మూడు నెలల ముందు కొనుక్కుంటే విడి టికెట్లే చవక, పాస్ దండగ. లెక్క తప్పేం కాదు. కాకపోతే ఆ లెక్క రాసింది ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లో చూడాలి. అమెరికా వాళ్లో, ఆస్ట్రేలియా వాళ్లో అయితే వీసా గొడవ లేదు. జనవరిలో కూర్చుని మే 14న ఉదయం 8 గంటల రైలుకి చౌక టికెట్ కొనేసుకుంటారు, మే 14న వెళ్లి ఎక్కుతారు. మన పరిస్థితి వేరు. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు అంటారు కానీ, వేసవి సెలవులకి వెళ్లేవాళ్లకి దరఖాస్తు ఇవ్వడానికి స్లాట్ దొరకడమే ఒక యజ్ఞం. స్లాట్ దొరికాక మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమనుకుంటే 45 రోజుల దాకా తీసుకోవచ్చు. పాస్‌పోర్టు కొరియర్‌లో ఇంటికి వచ్చేసరికి చాలామందికి ప్రయాణం ఇంకో రెండు మూడు వారాల్లో ఉంటుంది. అప్పటికి ఆ చౌక టికెట్లు అయిపోయి ఉంటాయి.

అందుకని మనం పాస్‌ని పోల్చాల్సింది మూడు నెలల ముందు కనిపించే ధరతో కాదు, వీసా చేతికొచ్చిన రోజు కనిపించే ధరతో. నా దృష్టిలో మొత్తం తేల్చేది ఈ ఒక్క విషయమే.

2019లో ఈ తెలివి లేదు. వీసాకి దరఖాస్తు పెట్టకముందే, చవకగా ఉన్నాయని నాలుగు రైళ్లకి టికెట్లు కొనేశాం. రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాని రకం. తర్వాత మాకు స్లాట్ అనుకున్నదానికన్నా ఆలస్యంగా దొరికింది, ప్రయాణం పది రోజులు వెనక్కి జరిగింది, నాలుగు టికెట్లూ గంగలో కలిశాయి. మళ్లీ అవే రైళ్లకి టికెట్లు కొంటే ఒక్కోదానికి మూడింతలు పడింది. తప్పు పూర్తిగా మాదే. మా వీసాకి ఊరూరి మధ్యా రైలు టికెట్లు కొని చూపించాల్సిన పనే లేకపోయింది. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటామో రాసిన ప్లాన్, ఉచితంగా రద్దు చేసుకునే హోటల్ బుకింగులు పెడితే సరిపోయింది.

పాస్ సంగతి అలా కాదు. మూడు నెలల ముందు కొన్నా, బయల్దేరే ముందు రోజు రాత్రి కొన్నా మామూలు ధర ఒకటే. అప్పుడప్పుడు డిస్కౌంట్లు పెడతారు, అది వేరే సంగతి. మేం కొన్నది నెల రోజుల్లో మనకిష్టమైన 5 రోజులు వాడుకునే పాస్. రెండో తరగతిలో పెద్దవాళ్లకి మనిషికి 320 యూరోల దరిదాపుల్లో పడింది. అరవై దాటినవాళ్లకి పది శాతం తగ్గింపు, కాబట్టి అత్తయ్యగారికి ఇంకొంచెం తక్కువ. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకి పెద్దవాళ్లతో కలిసి ఉచితం. అయితే పిల్ల పేరు మీద కూడా పాస్ తీసుకోవాలి, మర్చిపోకండి. రోజుకి 64 యూరోలు అనుకుంటే, అంతకన్నా తక్కువ టికెట్ ఉన్న రోజు పాస్ రోజుని ఖర్చు చేయకూడదు. మేం సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నాకి పాస్ వాడి ఆ తప్పే చేశాం. రెండున్నర గంటల దారి, రెండు కంపెనీలు పోటీ పడి రైళ్లు నడుపుతాయి, టికెట్ కొనుక్కుని ఉంటే చాలా తక్కువలో అయిపోయేది. కానీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సాల్జ్‌బర్గ్, వియన్నా నుంచి స్విట్జర్లాండ్ లాంటి దూరాలకి చివరి నిమిషం టికెట్ వంద యూరోలు దాటుతుంది. పాస్ డబ్బులు అక్కడ వచ్చేశాయి.

డబ్బు కన్నా నాకు ఎక్కువ నచ్చింది స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో జరిగింది. బుధవారం యుంగ్‌ఫ్రాయోహ్ ఎక్కాలని ప్లాన్. 3,454 మీటర్ల ఎత్తు, యూరప్‌లో అన్నిటికన్నా పైన ఉన్న రైల్వే స్టేషన్, తగ్గింపు లేకపోతే మనిషికి 200 ఫ్రాంకులు దాటే టికెట్. పొద్దున్నే ఆరున్నరకి హోటల్ గదిలో టీవీ పెడితే, అక్కడి ఛానెల్‌లో కొండల మీది కెమెరాలు ఒక్కొక్కటే చూపిస్తున్నారు. మా కొండ వంతు వచ్చింది. తెర మొత్తం తెల్లగా ఉంది, పాల గిన్నెలోకి తొంగి చూసినట్టు. కింద ఒక మూల ఉష్ణోగ్రత, గాలి వేగం. "ఇదేనా మంచు?" అంది పాప. మంచు కాదు, మబ్బు. పైకి వెళ్లినా మేం చూసేది అదే. సరే, గురువారం అనుకున్న లుసెర్న్ ఊరిని బుధవారానికి మార్చేశాం. అరగంటలో స్టేషన్లో ఉన్నాం. పాస్ ఉండే యూరైల్ యాప్‌లో ఆ రైలు పెట్టుకున్నాం, క్యూఆర్ కోడ్ వచ్చింది, ఎక్కాం. గురువారం ఆకాశం ఇంత నీలం ఉంటుందా అన్నట్టు ఉంది. లుసెర్న్‌కి ముందే ఆ రోజు రైలుకి మాత్రమే చెల్లే చౌక టికెట్లు కొని ఉంటే, అవి వదులుకోవడమా, మబ్బులోకి వెళ్లడమా అని తేల్చుకోవాల్సి వచ్చేది. కొండ టికెట్ కూడా ఆ పొద్దున చూసుకునే కొనండి, హైదరాబాద్‌లో కూర్చుని కొనకండి.

అత్తయ్యగారికి మాత్రం ఈ పద్ధతి చివరి దాకా మింగుడు పడలేదు. ప్రతి రైలులోనూ "మన సీటు నంబరు ఎంతమ్మా?" అనేవారు. నంబరు లేదత్తయ్యా, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చంటే నమ్మేవారు కాదు. జర్మనీ, ఆస్ట్రియా రైళ్లలో సీటు పైన చిన్న తెర ఉంటుంది. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి రిజర్వ్ అయిందో అందులో కనిపిస్తుంది. పేరేమీ లేకపోతే కూర్చోవచ్చు. రెండో రోజుకి ఆవిడే ముందు ఎక్కి తెరలు చదవడం మొదలుపెట్టారు. అయినా టీసీ వస్తుంటే చేతిసంచి దగ్గరికి లాక్కునేవారు.

ఇంత చెప్పాక పాస్ గురించి చెడు కూడా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పినదంతా జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, నెదర్లాండ్స్ లోపల తిరిగే చాలా రైళ్ల మాట. అక్కడ రిజర్వేషన్ తప్పనిసరి కాదు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వేగం రైళ్లలో, లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ఊళ్ల మధ్య నడిచే యూరోస్టార్‌లో అలా కుదరదు. పాస్ ఉన్నా రైలు రైలుకీ రిజర్వేషన్ డబ్బులు కట్టాలి, పాప పాస్ ఉచితమైనా రిజర్వేషన్ ఉచితం కాదు. ఫ్రాన్స్ వేగం రైలు టీజీవీలోనూ, యూరోస్టార్‌లోనూ ఇంకో మెలిక ఉంది. పాస్ వాళ్లకి కొన్ని సీట్లే కేటాయిస్తారు. మన రైల్వే కోటాలతో వేగినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. రైలు ఖాళీగానే ఉంటుంది, టికెట్లు అమ్ముతూనే ఉంటారు, మీకు మాత్రం "లేవు". వేసవిలో పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కో, జూరిక్‌కో వెళ్లాలనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా వేసుకునే రూటు చూడండి: ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్. పాస్‌కి ఇంతకన్నా పనికిరాని రూటు దాదాపు లేదు. దాదాపు ప్రతి అడుగుకీ రిజర్వేషన్. వీసా రాగానే అదే రోజు కూర్చుని విడి టికెట్లు కొనేసుకోండి. ధర కొంచెం ఎక్కువైనా, పాస్ మీద రిజర్వేషన్లు కలుపుకుంటే పెద్ద తేడా రాదు, టెన్షన్ తక్కువ. స్విట్జర్లాండ్‌లోనే నాలుగైదు రోజులు ఉండేవాళ్లయితే యూరైల్ కాదు, స్విస్ ట్రావెల్ పాస్ చూసుకోవాలి. అందులో రైళ్లతో పాటు బస్సులు, పడవలు, ఊళ్లలో ట్రాములు, ఐదు వందల పైగా మ్యూజియాలు కూడా కలిసే ఉంటాయి. యూరైల్‌తో ఇంటర్లాకెన్ దాకా హాయిగా వెళ్లొచ్చు కానీ, అక్కడి నుంచి గ్రిండెల్‌వాల్డ్ వైపు ఎక్కే రైలుకి రాయితీయే ఇస్తారు, ఉచితం కాదు.

ఇటలీ లోపల పాస్ అసలు వద్దు. మేం ఇంటర్లాకెన్ నుంచి మిలాన్ దాకానే పాస్ వాడాం (ఆ రైలుకి రిజర్వేషన్ తప్పలేదు, కానీ సింప్లాన్ సొరంగం దాటి బయటపడ్డాక మజ్జోరే సరస్సు ఒడ్డున నడిచే ఆ కాసేపటి కోసం ఎంతైనా కట్టొచ్చు). అక్కడి నుంచి వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ అన్నీ విడి టికెట్లే. ఆ దారిలో ఫ్రెచ్చారోస్సా, ఇతాలో అని రెండు కంపెనీల రైళ్లు పోటీగా నడుస్తాయి, మూడు వారాల ముందు కూడా మంచి ధరలు దొరికాయి. ఇతాలోలో యూరైల్ పాస్ చెల్లదు కూడా. చిన్న ఊళ్లకి వెళ్లే ప్రాంతీయ రైళ్లలో ధర ఎప్పుడూ ఒకటే, ముందు కొనక్కర్లేదు. కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న మెషీన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా.

ఒక్క విషయంలో విడి టికెట్ల వాళ్లు అనవసరంగా భయపడుతుంటారు. జర్మనీ దూరప్రయాణ రైళ్లు ఆలస్యానికి పేరు మోశాయి; 2024లో సమయానికి చేరినవి మూడింట రెండు వంతులు కూడా లేవు. "చౌక టికెట్ కొంటే, రైలు లేటై తర్వాతది తప్పిపోతే ఎలా?" అంటారు. ఒకే బుకింగ్‌లో కొన్నది అయితే ఏమీ కాదు. రైలు వాళ్ల వల్లే లేటైతే ఆ టికెట్‌తోనే తర్వాతి రైలు ఎక్కనిస్తారు, గంట దాటి లేటైతే టికెట్ డబ్బులో పావు వంతు వెనక్కి కూడా అడగొచ్చు. పాస్ పనికొచ్చేది మన వల్ల లేటైనప్పుడు. పాప బూటు తడిసిందనో, అత్తయ్యగారు చర్చిలో ఇంకాసేపు కూర్చుంటానన్నారనో రైలు వదిలేసుకున్నప్పుడు. మాకు అలాంటివే నాలుగు జరిగాయి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పను. చౌక విమానాలు ధరలో రైళ్లని మించిపోతాయి, నిజమే. కానీ పెట్టె సైజు దగ్గర్నుంచి అన్నిటికీ డబ్బు, విమానాశ్రయం ఊరికి దూరం (పారిస్ పేరు చెప్పి దింపే బొవే ఊరికి ఎనభై కిలోమీటర్ల అవతల ఉంటుంది), పైగా చేతి సామానులో ఆవకాయ సీసా పోనివ్వరు. రైల్లో ఎవరూ అడగరు. బస్సులు కుర్రాళ్లకి. ప్యాకేజీ టూర్ సంగతి అడిగితే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, రోజూ అన్నం లేనిదే గడవనివాళ్లు ఆలోచించకుండా అందులోనే వెళ్లండి. సామాను మోయక్కర్లేదు. హోటల్ మాత్రం ఊరికి ఎంత దూరమో ముందు అడగండి. వెనిస్ అని రాసి మెస్త్రేలో, పారిస్ అని రాసి శివార్లలో పెడుతుంటారు, సాయంత్రం భోంచేశాక ఊరు చూడ్డానికి ఉండదు.

జర్మనీలోనో ఆస్ట్రియాలోనో ఉద్యోగాలు చేస్తూ అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లు ఒకటి గమనించండి. అక్కడ నివాసం ఉన్న మీకు యూరైల్ ఇవ్వరు, ఇంటర్‌రైల్ తీసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి యూరైల్. పేర్లు వేరైనా రైళ్లు అవే, కలిసే ఎక్కొచ్చు. మీరున్న దేశంలో మాత్రం ఇంటర్‌రైల్‌తో ఒకసారి బయటికి వెళ్లడానికి, ఒకసారి లోపలికి రావడానికే వీలుంటుంది.

పాస్ ఫోన్లోనే ఉంటుంది కాబట్టి పవర్‌బ్యాంక్ తప్పనిసరి. మూడు రోజులకొకసారైనా యాప్‌ని నెట్‌కి కలపాలి. కొన్న పాస్‌ని మొదలుపెట్టడానికి 11 నెలల గడువుంది కాబట్టి, మొదటి రైలు ఎక్కే పొద్దునే యాక్టివేట్ చేసుకోండి, ముందు రోజే ఉత్సాహపడకండి. పాస్ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, టీసీ అడిగితే చూపించాలి. మమ్మల్ని అడిగింది ఒక్కసారే, సాల్జ్‌బర్గ్ దాటాక. మేం ఫోన్లు తీసేలోపే అత్తయ్యగారు చేతిసంచిలోంచి నాలుగు పాస్‌పోర్టులూ, వాటితో పాటు ఎందుకైనా మంచిదని ఆధార్ కార్డూ తీసి ఆయన చేతిలో పెట్టారు.