ఐఫోన్‌లో మూడ్ రాసుకోవడం: చాలాకాలం వాడాక నా సమీక్ష

నువ్వు బాగా మూడీ అని అందరిచేతా అనిపించుకునే మనిషికి ఇది పనికొస్తుందా అంటే, పనికొస్తుంది, కాకపోతే ఓపిక కావాలి. 2023లో ఐఓఎస్ 17తో ఐఫోన్ హెల్త్ యాప్‌లోకి మూడ్ రాసుకునే స్టేట్ ఆఫ్ మైండ్ అనే ఫీచర్ వచ్చింది. వచ్చిన కొత్తలోనే మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది అది అడిగే మొదటి ప్రశ్నే. ఈ క్షణంలో ఎలా ఉంది, ఈ రోజు మొత్తం మీద ఎలా గడిచింది, ఈ రెండూ విడివిడిగా రాయొచ్చు. ఎవరో ఏదో అన్నారని కాసేపు మండిపోవడం వేరు, పొద్దున లేచిన దగ్గర్నుంచి కారణం తెలియకుండా చిరాగ్గా ఉండి ఎవరు పలకరించినా విసుక్కోవడం వేరు. మూడ్ అంటే ఆ రెండోది, నాకు తెలుసుకోవాల్సిందీ అదే.

చాలా అసంతృప్తి నుంచి చాలా సంతోషం దాకా 7 మెట్లుంటాయి, ఒకటి ఎంచుకుని, దానికి తగ్గ మాటలు, ఆ తర్వాత కారణం (పని, కుటుంబం, డబ్బు, వాతావరణం లాంటివి) నొక్కితే అయిపోతుంది, నిమిషం కూడా పట్టదు.

అసలు విలువ గ్రాఫ్‌లో ఉంది. నిద్ర, వ్యాయామం వివరాలు కూడా ఫోన్‌లో నమోదవుతుంటే వాటిని మూడ్ పక్కనే పెట్టి చూపిస్తుంది. నా విషయంలో కారణం దగ్గర ఎక్కువసార్లు పని అనే నొక్కేవాణ్ణి, కానీ గ్రాఫ్‌లో ఆ రోజుల్లో చాలావాటికి ముందు రాత్రి నిద్ర సరిగ్గా లేదు, ఆఫీసు టెన్షన్ మామూలుగానే ఉన్నా తట్టుకునే శక్తి తగ్గిందన్నమాట. ఇది అందరికీ ఇలాగే ఉంటుందని అనను, మీది మీరే చూసుకోవాలి.

ఒక్క షరతు, బాగున్న రోజులు కూడా రాయాలి. చిరాకు రోజులే రాస్తే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

హెల్త్ యాప్‌లోనే పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ లక్షణాలు ఎంతవరకు ఉన్నాయో చూసే ప్రశ్నలు కూడా ఉన్నాయి, గత రెండు వారాల పరిస్థితిని అడుగుతాయి. అది రోగ నిర్ధారణ కాదు, కానీ డాక్టర్ దగ్గర ఎలా మొదలుపెట్టాలో తెలియని వాళ్లకు ఆ ఫలితం చేతిలో ఉండటం నిజంగా పెద్ద సాయం.

ప్రతి చిన్నదానికీ తనను తాను తవ్వుకునే స్వభావం ఉంటే మాత్రం పగటి రిమైండర్లు ఆపేసి, రాత్రిది ఒక్కటే ఉంచుకోండి.