పీటీ పీరియడ్‌లో గుండె వేగం బ్యాండ్లు: ఒక టర్మ్ వాడాక

నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ బ్యాండ్లు టర్మంతా కట్టించాను. మోచేతి కింద కట్టుకునే రకం, సెట్‌లో 30 వస్తాయి. మణికట్టు వాచీల్లా ఊరికే జారిపోవు, అంకెలు నిలకడగా ఉంటాయి. పిల్లల గుండె వేగం నా టాబ్లెట్‌లో కనిపిస్తుంది. కావాలనుకుంటే గోడ మీద పెద్ద స్క్రీన్‌లో కూడా పేర్లతో, రంగులతో చూపిస్తుంది: గుండె వేగం తక్కువుంటే నీలం, బాగా పెరిగితే ఎరుపు.

కొన్నందుకు నాకు తృప్తినిచ్చింది మొదటి రోజే. షటిల్ రన్‌లో, అంటే రెండు గీతల మధ్య అటూ ఇటూ పరిగెత్తే పోటీలో, ఎప్పుడూ చివరన ఉండే అమ్మాయి ఒకతె ఉంది. "ఇంకాస్త గట్టిగా పరిగెత్తమ్మా" అని ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. ఆ రోజు తన గుండె వేగం నిమిషానికి 188. అందరికన్నా ముందు గీత తాకిన అబ్బాయిది 161. అంటే ఆ పిల్ల ఉన్న శక్తంతా పెడుతూనే ఉంది, నేనే బద్ధకం అనుకున్నాను. నాకు చాలా బాధేసింది. పీరియడ్ అయ్యాక పక్కకు పిలిచి టాబ్లెట్ చూపించాను. "ఇది నాదేనా మేడమ్?" అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత రోజూ తనే వచ్చి "ఇవాళ ఎంత?" అని అడుగుతోంది.

మనిషికి ఒక పని మీద మనసు నిలవాలంటే మూడు కావాలని డెసీ, రయాన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు: నా ఇష్టంతో చేస్తున్నాననిపించడం, నాకు చేతనవుతుందన్న నమ్మకం, పక్కవాళ్లు నావాళ్లన్న భావన. బ్యాండు ఆ అమ్మాయికి రెండోది ఇచ్చింది.

గోడ మీది స్క్రీన్ మాత్రం మూడింటినీ లాగేసుకుంది. రెండో వారం ఆన్ చేశాను. పది నిమిషాలు గడిచాయో లేదో, ఆట పక్కనపెట్టి అందరూ గోడ వైపే చూడసాగారు. తమ పేరు ఎర్రగా మారాలని కొందరు ఊపిరాడనంత పరిగెత్తారు. పేరు నీలంలోనే ఉండిపోయిన ఒకబ్బాయి నెమ్మదిగా బ్యాండు విప్పి జేబులో పెట్టుకున్నాడు. అది చూడగానే ఆపేశాను.

ఇంకో లోపం. 20 మీటర్ల బీప్ టెస్ట్ (బీప్ మోగే లోపు అవతలి గీత చేరుకోవాల్సిన పరుగు పరీక్ష) రోజు, మొదటి బీప్ కూడా రాలేదు, గీత మీద ఊరికే నిలబడ్డ ఒక పిల్లాడికి 131 చూపించింది. సాఫ్ట్‌వేర్ దాన్ని వ్యాయామం కింద రాసేసుకుంది. అది వ్యాయామం కాదు, టెన్షన్. వాడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తర్వాతిసారి జంటలుగా పరిగెత్తమని, ఎక్కడ ఆగాలో వాళ్లనే తేల్చుకోమని చెప్పాను. అదే గీత మీద వాడి అంకె 104.

రంగుల హద్దులు కూడా పిల్లలకు సరిపోవు. గుండె గరిష్ఠంగా ఎంత వేగం అందుకోగలదో చూసి దాన్నిబట్టి రంగులు పెడతారు; దానికి 220 నుంచి వయసు తీసేసే పాత లెక్కే వాడారు. 14 ఏళ్లకు 206 వస్తుంది. 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన సూత్రంతో 198. రెండూ పెద్దవాళ్లను కొలిచి కట్టిన లెక్కలే. అందుకే నేను రంగులు పట్టించుకోను, ఒక్కో పిల్ల అంకెను తన నిన్నటి అంకెతోనే పోల్చి చూస్తాను.

చార్జింగ్‌కు ఇబ్బంది లేదు. పట్టీలు చెమటకు వాసన వస్తాయి, వారానికోసారి ఉతకాలి.

వచ్చే టర్మ్‌లో కూడా ఇవే కట్టిస్తాను. స్క్రీన్ కేబుల్ చుట్టి స్టోర్ రూమ్ బీరువాలో పెట్టేశాను.