ఐబీఎస్ పొట్టతో బయట తిండి: బిర్యానీయా, ఇడ్లీయా?

ఆదివారం ఫ్రెండ్స్ కలిస్తే హైదరాబాద్‌లో ఇంకో మాటుండదు, బిర్యానీయే. నాకేమో ఐబీఎస్, అంటే తరచూ పొట్టనొప్పి, గ్యాస్, విరేచనాలో మలబద్ధకమో తెచ్చే పేగుల ఇబ్బంది. నా పొట్టకి పడనిది బియ్యమూ కాదు, మటనూ కాదు. పైన చల్లే వేయించిన ఉల్లి, మసాలాలో వెల్లుల్లి. వాటిలోని ఫ్రక్టాన్లు (ఒక రకం పిండిపదార్థాలు) చిన్నపేగులో అరగవు. పెద్దపేగుకి చేరి పులిసి గ్యాసవుతాయి. మెల్‌బోర్న్ మోనాష్ యూనివర్సిటీ రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో (ఇలా సరిగా అరగక పులిసే పిండిపదార్థాల్ని తగ్గించే తిండి పద్ధతి) మొదట మానమనేవాటిలో ఈ రెండూ ఉంటాయి. ముక్కలు ఏరి పక్కన పెట్టినా లాభం లేదు; ఫ్రక్టాన్లు నీళ్లలో కరిగి అప్పటికే మసాలాలోకి దిగిపోయి ఉంటాయి. రైతాలో లాక్టోజ్ అనే పాల చక్కెర, మళ్లీ ఉల్లి. మిర్చీ కా సాలన్ సంగతి చెప్పక్కర్లేదు.

టిఫిన్ సెంటర్‌లో ఇంత తంటా లేదు. ప్లేటు ఇడ్లీ, కాస్త కొబ్బరి చట్నీ. "అన్నా, సాంబార్ పోయొద్దు" అని టోకెన్ ఇచ్చేటప్పుడే అనాలి, లేకపోతే గరిటెడు ఇడ్లీల మీదే పడుతుంది. కందిపప్పు, ఉల్లి రెండూ అందులోనే. కారప్పొడిలో వెల్లుల్లి వేశారా అని కూడా అడుగుతా, విసుక్కుంటారు, విసుక్కోనీ.

నా ఓటు ఇడ్లీకే. మీకు పడనిది వేరే ఉండొచ్చు, డైటీషియన్‌తో కలిసి తేల్చుకోండి. బిర్యానీ తప్పని రోజున నేను కొంచెమే పెట్టుకుంటా, బాత్రూం ఎటుందో ముందే చూసుకుని కూర్చుంటా.