ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో దూరే దొంగ ప్రోగ్రామ్) పట్టిన కంప్యూటర్: చేత్తో ఏరేయాలా, ఫార్మాట్ కొట్టాలా?

ఖర్చు: ఏరేయడానికి పైసా అక్కర్లేదు. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. లేదంటే సీపీయూ మోసుకుని కడప ఏడురోడ్ల వైపు ఏదో షాపుకు పోవాల్సిందే.

శ్రమ: ఏరేయడం ఓపికున్నోళ్ల పని. ముందు నెట్ పీకేయండి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, సుమారు 15 నిమిషాలు. తర్వాత సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే లేచే పద్ధతి), వేరే కంప్యూటర్‌లో దించుకున్న ఆటోరన్స్ (విండోస్‌తో పాటు తనంతట తానే లేచేవన్నీ చూపే మైక్రోసాఫ్ట్ టూల్) తెరిచి మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచండి. మిగిలినవాటిలో యాప్‌డేటా, టెంప్ ఫోల్డర్ల నుంచి లేచే అనామకులను మొదట అనుమానించండి. పేరు ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సొంత ఫైలు పేరు) అయినా, ఉన్నది విండోస్ ఫోల్డర్ బయటైతే అది దొంగే. టిక్ తీసి, ఫైలు తుడిచేయండి. షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబ్‌ను చాలామంది వదిలేస్తారు. అక్కడ ఒక్కటి మిగిలినా, రీస్టార్ట్ కాగానే కథ మళ్లీ మొదటికే.

ఫార్మాట్‌లో బుర్రకు పని తక్కువ, సర్దుకోవడం ఎక్కువ: ట్యాలీ డేటా, ఫొటోలు, ప్రింటర్ డ్రైవర్, తెలుగు కీబోర్డు.

రిస్క్: ఏరేస్తే అంతా పోయిందన్న గ్యారంటీ లేదు. ఫార్మాట్‌లో డేటా పోవచ్చు. సి డ్రైవ్ ఒక్కటే కొడితే డి డ్రైవ్‌లోని క్రాక్ ఫైలు (దొంగ సాఫ్ట్‌వేర్‌ను నడిపించేది) అలాగే కూర్చుంటుంది. బ్యాకప్‌లోకి ఈఎక్స్‌ఈలు (ప్రోగ్రామ్ ఫైళ్లు) రానివ్వొద్దు.

ఎవరికి ఏది: డిఫెండర్ పేరుపెట్టి పట్టుకున్న ఒక్క ఫైలైతే ఏరేయండి. డిఫెండర్ దానంతటదే ఆఫ్ అవుతుంటే, లేదా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు లాగిన్ ఉంటే ఫార్మాటే. పాస్‌వర్డులు ఫోన్ నుంచి వెంటనే మార్చండి. డబ్బు పోయుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఫార్మాట్ ఆ తర్వాతే.