కాశీకని బయల్దేరి శంషాబాద్‌లో పడుకున్నాం

మొదటే చెప్పేస్తా, ఎవరికీ ఏమీ కాలేదు. ఒక ఇంజను మొరాయించింది, విమానం వెనక్కి తిరిగింది, సాయంత్రం గంగా హారతి చూడాల్సిన మేం నలుగురం బెంగళూరు హైవే పక్కన ఒక లాడ్జిలో లారీల హారన్లు వింటూ పడుకున్నాం. పెద్దవాళ్ళతో విమానం ఎక్కేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది హనుమకొండ. ఉప్పల్ దాకా ఆర్టీసీ బస్సు, అక్కణ్ణుంచి ఎల్బీ నగర్ మీదుగా పుష్పక్ అనే ఎయిర్‌పోర్టు బస్సు. బేగంపేట ఎయిర్‌పోర్టు ఉన్న రోజుల్లో ఊళ్ళోనే పనయిపోయేది, 2008లో శంషాబాద్‌కి మారాక మా వైపు నుంచి వచ్చేవాళ్ళకి అది సిటీకి ఆ చివర. పుష్పక్ మాత్రం బాగుంది, సామాను పెట్టుకోవడానికి చోటుంది, డ్రైవరు దిగొచ్చి అత్తమ్మ సంచి అందుకున్నాడు. ఈ ట్రిప్పు మొత్తంలో నేను వంక పెట్టలేని సర్వీసు అదొక్కటే.

విమానం మధ్యాహ్నం 2:40కి లేచింది. పాతిక నిమిషాలయ్యాక, రామగుండం దగ్గర అనుకుంటా, కింద గోదావరి కనిపిస్తే అత్తమ్మ కిటికీలోంచే దణ్ణం పెడుతోంది. సరిగ్గా అప్పుడే కాళ్ళ కింద వణుకు మొదలైంది. పెద్ద చప్పుడేం లేదు, పిండి గిర్నీ పక్కన నిలబడితే నేల అదురుతుందే, అలాగ. ఎయిర్‌హోస్టెస్‌లు టీ బండి వెనక్కి లాక్కుపోయారు, మొహాల్లో నవ్వు మాత్రం అలాగే ఉంది. కాసేపటికి ఎడమ కిటికీల్లోంచి పడుతున్న ఎండ కుడివైపుకి మారింది. ఆ తర్వాతే కెప్టెన్ చెప్పాడు, ఒక ఇంజనులో వైబ్రేషన్ ఎక్కువగా చూపిస్తోందట, దాని పవర్ తగ్గించారట, ముందుజాగ్రత్తగా హైదరాబాద్‌కే పోతున్నామట. రెండు వాక్యాల్లో, తడబడకుండా చెప్పాడు. నాకు టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

వెనక సీటాయన ఊరుకోలేదు, "నాగ్‌పూర్ పక్కనే కదా, అక్కడ దింపొచ్చుగా" అని ఒకటే గొడవ. ఇంకొకాయన ఇప్పుడు బరువు తగ్గించడానికి పెట్రోలంతా గాల్లో పారబోస్తారని పక్కవాళ్ళని భయపెడుతున్నాడు. రన్‌వే పక్కన ఫైరింజన్లు వరసగా నిలబడి ఉంటే చూసి ఒకావిడ ఏడ్చేసింది కూడా. దిగడం మామూలుగానే దిగింది, చప్పట్లు కొట్టారు.

మా బావమరిది శంషాబాద్‌లోనే ఒక హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, టెక్నీషియన్. నైట్ డ్యూటీకి పోతూ మాకు పులిహోర టిఫిన్ డబ్బా తెచ్చాడు. నాగ్‌పూర్ సంగతి అడిగితే నవ్వాడు. "బావా, ఇంజను పూర్తిగా ఆగిపోయిందనుకో, రెండింజన్ల విమానానికి రూలొకటే, దగ్గరలో దిగడానికి పనికొచ్చే ఎయిర్‌పోర్టుకి పోవాలె. పనికొచ్చే అన్నది చూడు. వాతావరణం, రన్‌వే పొడుగు, ఫైర్ సర్వీసు అన్నీ చూస్తరు. మీది ఆగలేదు, పైగా మీరున్న చోటికి రెండూ ఇంచుమించు ఒకటే దూరం. ఇక్కడైతే ఆ కంపెనీ ఇంజనీర్లున్నరు, ఇంకో విమానం సర్దొచ్చు, అక్కడ దింపితే ఇక్కణ్ణుంచి మనుషులు, సామాను పోయేదాకా మీరు ఆడనే కూసునేటోళ్లు." పెట్రోలు పారబోయడం గురించీ అడిగా. ఎయిర్‌బస్ 320 లాంటి వాటికి ఆ ఏర్పాటే లేదట, తప్పకపోతే బరువుతోనే దిగి తర్వాత చక్రాలూ అవీ తనిఖీ చేసుకుంటారట. ఫైరింజన్లు ఇలాంటప్పుడు ఎలాగూ వచ్చి నిలబడతాయట.

నాలుగింజన్లుంటే లెక్క వేరు. 2005 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో లేచిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747కి ఒక ఇంజను మొదట్లోనే పోతే, మిగతా మూడింటితో అట్లాంటిక్ దాటేశారు, చివరికి ఇంధనం చాలదేమోనని లండన్‌కి బదులు మాంచెస్టర్‌లో దింపారు. అప్పట్లో అమెరికా వాళ్ళు దాని మీద పెద్ద రభసే చేశారు. నేనైతే ఆ విమానంలో ఉండి, సంగతి తెలిసి ఉంటే నిద్రపోయేవాణ్ణి కాదు.

నాకు కొత్తగా తెలిసింది ఇంకోటి. శంషాబాద్‌లో విమానం బాడీ మొత్తం విప్పి చూసే హ్యాంగర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి కానీ, ఇంజను విప్పే షాపు వేరే సంగతి. ఇంజను లోపల తిరిగే రెక్కలెలా ఉన్నాయో సన్నటి కెమెరా గొట్టం దూర్చి ఇక్కడే చూస్తారు, దాన్ని బోరోస్కోప్ అంటారు. పెద్ద రిపేరైతే ఇంజను దించి వేరేది బిగిస్తారు, దించినది చాలావరకు విదేశాలకే పోయేది. 2025 నవంబరులో సఫ్రాన్ అనే ఫ్రెంచ్ ఇంజన్ల కంపెనీ లీప్ రకం ఇంజన్ల షాపుకి ఇక్కడే ప్రారంభోత్సవం జరిగింది, ఇక వాటికి ఆ తిరుగుడు తగ్గొచ్చు. షాపులో వంతు రాక, స్పేర్ ఇంజను దొరక్క విమానాలు నెలల తరబడి నేల మీదే ఉండిపోవడం 2023లో మనం చూసిందే. గో ఫస్ట్ అనే మన విమాన కంపెనీ ఆ మే నెలలో ఆగిపోతూ, తన విమానాలకున్న ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇంజన్లనే తప్పుపట్టింది.

ఇక నేల మీద సంగతి. గాల్లో అంత బాగా చేసిన కంపెనీ, పేరు రాయను, కింద మాత్రం నీళ్ళు నమిలింది. ముందు 6 అన్నారు, తర్వాత 8:30, తర్వాత బోర్డు మీద ఏమీ లేదు, 9 దాటాక రేపు పొద్దున 9:10 అన్నారు. చేతిలో 250 రూపాయల కూపన్లు పెట్టారు, ఆ డబ్బుకి అక్కడ ఒక శాండ్‌విచ్ వచ్చింది, అత్తమ్మ తినదు. చెకిన్ బ్యాగులు బెల్టు మీదకి రావడానికి గంటన్నర. అందులోనే ఆవిడ బీపీ గోలీలు. అది నా తప్పే, గోలీలు ఎప్పుడూ చేతి సంచిలో ఉండాలి.

హోటల్ అడిగితే కౌంటర్ అమ్మాయి రూల్ చూపించింది. విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం 24 గంటలు దాటిన ఆలస్యానికి హోటల్ ఇవ్వాలి, లేదా రాత్రి 8 నుంచి 3 లోపు బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే ఇవ్వాలి. మాది 2:40ది, రెండింట్లోనూ పడదు. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, డబ్బు వాపసో అడగొచ్చు, అడిగా, ఇక్కణ్ణుంచి కాశీకి ఆ రాత్రి ఇంకోటి లేదు. పాపం ఆ అమ్మాయిని అని ఏం లాభం, పొద్దున్నుంచీ నిలబడే ఉంది.

ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న పెద్ద హోటల్ రేటు ఫోన్లో చూసి వెంటనే మూసేశా. సిటీలో బంధువులున్నారు కానీ, రాత్రి పదింటికి పోయి తెల్లారి ఆరింటికల్లా మళ్ళీ రావాలంటే అత్తమ్మ వల్ల కాదు. శంషాబాద్ ఊళ్ళో లాడ్జి, రెండు గదులు కలిపి 2,600, ఆటోకి 300. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, గీజరు పనిచేసింది, కిటికీ మాత్రం సరిగ్గా హైవే మీదకే. వెనకవైపు గది అడిగి తీసుకోండి. పొద్దున కింద బండి మీద ఇడ్లీ, అల్లం చట్నీ, నలుగురికీ 160. ముందురోజు శాండ్‌విచ్‌కి పదింతలు నయం.

పొద్దున 9:10 అన్నది 9:35కి కదిలింది, వేరే విమానం. రన్‌వే వైపు పోతుంటే నిన్నటిది దూరంగా నిలబెట్టి ఉంది, రెక్క కింద ఇంజను మూతలు తెరిచి, నిచ్చెన వేసుకుని ఇద్దరు లోపలికి తలలు పెట్టి చూస్తున్నారు. బావమరిది అప్పటికే డ్యూటీ దిగి పడుకుని ఉంటాడు.

కాశీలో పాండే హవేలీ దగ్గర తెలుగు సత్రం వాళ్ళకి ముందు రాత్రే ఫోన్ చేశా, ఒకరోజు జరిపి రాసుకున్నారు, పైసా అదనం అడగలేదు. లాడ్జి, ఆటో బిల్లులు విమాన కంపెనీకి మెయిల్ పెట్టి పదకొండు రోజులైంది, "మీ సహనానికి ధన్యవాదాలు" అని ఒక జవాబొచ్చింది.