కైరోలో కొనుగోళ్లు: కారు దిగి నడిచినవారికే సరసమైన ధర

కైరోలో ఏదైనా కొనదలచినవారు హోటలువారు కుదిర్చిన కారులో దుకాణాలకు వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. డ్రైవరు తీసుకువెళ్లిన చోట మనం చెల్లించే ధరలో అతని వాటా కూడా కలిసి ఉంటుంది. ఆ వాటా ఎంత భారమో గీజా దారిలో మాకు తెలిసివచ్చింది.

పిరమిడ్లు చూసి తిరిగి వస్తుండగా, మేము అడగకుండానే, డ్రైవరు ఒక పపైరస్ దుకాణం, అంటే పపైరస్ మొక్క కాడతో చేసిన కాగితం మీద వేసిన పటాలు అమ్మే దుకాణం, ముందు కారు ఆపాడు. అది దుకాణం కాదని, ప్రభుత్వ సంస్థ అని, చూడటానికి రుసుము లేదని నమ్మబలికాడు. ఎండకు సొమ్మసిల్లినంత పనైన మా వదిన, అంటే మావారి అక్క, నీడ దొరికితే చాలని ముందుగా దిగారు. లోపల కర్కదే అనే చల్లని పానీయం ఇచ్చి, పపైరస్ కాడ పచ్చని పైతొక్క తీసి, లోపలి తెల్లని భాగాన్ని పలుచని పట్టీలుగా కోసి, నీటిలో నానబెట్టి, అడ్డంగా ఒక వరుస, నిలువుగా మరొక వరుస పరిచి, బరువు కింద అదిమి కాగితం తయారుచేసే విధానాన్ని ఒక యువతి ఎంతో చక్కగా చూపించింది. అంతవరకు ఆమెపై నాకు గౌరవమే.

ఆ తరువాత అసలు వ్యవహారం మొదలైంది. గోడ మీది ప్రాచీన ఈజిప్టు రాజు టుటంఖామున్ పటానికి 2,800 ఈజిప్టు పౌండ్లు, అంటే దాదాపు 4,800 రూపాయలు చెప్పారు. వద్దనగానే ధర 1,900కు దిగింది, మేము తలుపు వైపు నడవగానే 1,400 అయింది. ఈలోగా మరొకతను మా వదిన పేరు అడిగి, ఇది మా కానుక అంటూ ఒక చిన్న పటం మీద ప్రాచీన ఈజిప్టు లిపిలో రాసేశాడు. రాయడం పూర్తయ్యాక, రాత మాత్రమే కానుక అని, పటానికి 450 పౌండ్లు ఇవ్వవలసిందేనని, పేరు రాసినదాన్ని వేరొకరికి అమ్మలేమని గొంతు పెంచాడు. డ్రైవరు ఒక్క మాట కూడా కలగజేసుకోలేదు. మావారు ఆ డబ్బు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశారు. ఆ సాయంత్రమంతా ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వదిన ఆ రోజు ఆ పటాన్ని సంచిలోంచి తీయనే లేదు.

మరునాడు ఖాన్ అల్ ఖలీలీ బజారులో అంతే కొలత గల పటం, పేరుతో సహా, 120 పౌండ్లకు రాసి ఇస్తామన్నారు. రెండింటినీ వెలుగుకు ఎదురుగా పట్టి చూశాను. రెండింటిలోనూ అడ్డం, నిలువు నారలు స్పష్టంగా కనిపించాయి, చుట్టినా విరగలేదు. గీజాలో మాకు అమ్మినది అసలైన పపైరస్సే. దగా ధరలో ఉంది, కానుక అన్న మాటలో ఉంది. పిరమిడ్ల దగ్గర చేతుల్లో పెట్టే 20 పౌండ్ల పటాలు మాత్రం చాలావరకు అరటి నారతో చేసినవి. అవి మడిస్తే పెళుసుగా విరుగుతాయి.

బస, ప్రయాణం గురించి చెప్పవలసినది తక్కువ. తల్‌అత్ హర్బ్ వీధి సమీపంలోని మా చిన్న హోటలు గది రాత్రికి 1,900 పౌండ్లు, శుభ్రంగా ఉంది. సాదాత్ స్టేషను నుంచి అతబా వరకు మెట్రోలో అప్పుడు తలకు 8 పౌండ్లు తీసుకున్నారు. అక్కడి నుంచి మూస్కీ వీధి వెంట నడిస్తే ఖాన్ అల్ ఖలీలీ వస్తుంది. స్థానికులు దుప్పట్లు, తువ్వాళ్లు, పిల్లల బట్టలు కొనేది మూస్కీలోనే. పర్యాటకులు సరాసరి ఖాన్‌లో కారు దిగి ఈ వీధిని చూడకుండా పోవడం నాకు బాధ కలిగించింది. ఈజిప్టును ఏలిన మామ్లూకు సుల్తానుల కాలంలో, 1380ల ప్రాంతంలో, జహార్కస్ అల్ ఖలీలీ అనే అమీరు కట్టించిన వర్తకుల సత్రమే ఖాన్‌కు మూలం. నేటి ఖాన్‌లో ఎక్కువ భాగం పర్యాటకుల కోసమే నడుస్తోంది. మొదట చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర బేరం మొదలుపెట్టడం న్యాయమే.

సుగంధ ద్రవ్యాల దుకాణాలలో కుంకుమపువ్వు పేరుతో దోసిళ్లకొద్దీ చవకగా పోసేది కుసుమ పువ్వు. దాన్ని కొనకండి. కర్కదే మాత్రం తప్పక తెచ్చుకోవాలి. అది మన ఎర్ర గోంగూర కాయలను కప్పి ఉండే కండగల రేకులను ఎండబెట్టినదే. ఆ సంగతి తెలియగానే వదిన ముఖంలో నిన్నటి చికాకు పోయింది. పావుకిలో 60 పౌండ్ల చొప్పున అరకిలో కొని, పచ్చడికి పనికివస్తుందా అని దుకాణదారును సైగలతో అడిగారు.

నా మనసు నిలిచిన చోటు ఖయామియా, అంటే గుడారాలు కుట్టేవారి వీధి. 17వ శతాబ్దంలో రద్వాన్ బే కట్టించిన, పైకప్పు గల ఈ బజారులో గుడారాల పనివారు బట్ట మీద బట్ట మడిచి కుట్టి తామరపూలను, రేఖాగణిత ఆకృతులను, అరబ్బీ అక్షరాలను తీర్చుతారు. పూరీ వెళ్లినప్పుడు ఒడిశాలోని పిప్లిలో చూసిన అతుకుల పనికి ఇది దగ్గరి చుట్టంలా ఉంది, అయితే ఇక్కడ సూది పట్టేవారు ప్రధానంగా పురుషులు. అరుగు మీద కాళ్లు మడుచుకు కూర్చున్న ఒక పెద్దాయన, మేము కొంటామో లేదో అడగకుండానే, అంచును సూదిమొనతో లోపలికి మడిచి కుట్టే తీరును మావారికి నిదానంగా చూపించారు. నిన్నటి నుంచి ముభావంగా ఉన్న మనిషి అక్కడే అరగంట నిలబడిపోయారు. దిండు గలీబు ఒక్కొక్కటి 350 పౌండ్లు చెప్పారు, నాలుగింటికి 1,300 ఇచ్చాము. అంతకు మించి బేరమాడటానికి నాకు మనసు రాలేదు, ఆ పనికి అది తక్కువ ధరే. యంత్రం మీద అచ్చువేసిన బట్టను కూడా కొన్నిచోట్ల ఖయామియా పేరుతోనే అమ్ముతారు కనుక వెనుకవైపు తిప్పి చేతికుట్టు ఉన్నదో లేదో చూసి కొనండి.

ఖాన్ నుంచి అల్ అజ్హర్ రోడ్డు దాటి, అల్ ఘూరీ కట్టడాల మధ్యగా ముయిజ్ వీధి దక్షిణ భాగంలో తిన్నగా నడిస్తే బాబ్ జువైలా ద్వారం వస్తుంది. దాన్ని దాటగానే ఎదురుగా కనిపించేది ఖయామియాయే. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేవరకు తెరవరు. 20, 50 పౌండ్ల నోట్లు దగ్గర ఉంచుకోండి, పెద్ద నోటుకు చిల్లర దొరకడం కష్టం.